వంక పెట్టని ఇల్లు

డిసెంబరు 12

అత్తా,

నువ్వు పంపిన పార్సిలు నిన్న మధ్యాహ్నం చేరింది. విప్పగానే గదంతా మన ఇంటి సబ్బు వాసన. స్వెటరు చాలా బాగుంది. రంగు ఎంత బాగుందో చెప్పలేను. ఉన్ని వెన్నలా ఉంది. మెడ చుట్టూ నువ్వు అల్లిన ఆకుల వరస చూసి మా హాస్టల్లో చివరగా ఊరెళ్లిన అమ్మాయి కూడా మెచ్చుకుంది. చాలా చాలా థాంక్స్ అత్తా.

ఆ అమ్మాయి వెళ్లాక ఇక్కడ నేనొక్కదాన్నే. సెలవులు మొదలయ్యాయి. బట్టలారేసే తాళ్లన్నీ ఖాళీ. వంటావిడ తాళంచెవి నా చేతిలో పెట్టి, "నా గిన్నెలు మాడ్చావంటే వచ్చాక నీ సంగతి చెప్తా" అని దీవించి వెళ్లింది. వరండాలో నడుస్తుంటే నా చెప్పుల చప్పుడే నా వెనకాల ఎవరో వస్తున్నట్టు వినిపిస్తుంది. రెండుసార్లు తిరిగి చూశాను కూడా. నవ్వకు.

నన్నే ఎందుకు ఉంచారంటావా? మా కృత్రిమ కాళ్ల వర్క్‌షాపు ఆసుపత్రిలో భాగం కదా, సెలవుల్లో కూడా పూర్తిగా మూయకూడదట. పట్టీ తెగిందనో, మరమేకు వదులైందనో ఎవరైనా వస్తే చూడటానికి ఒక మనిషి ఉండాలి. పెద్దసారు అందరి ముఖాలూ చూశారు. అందరికీ పిల్లలో, ప్రయాణాలో ఉన్నాయి. ఆయన చూపు నా ముఖం మీద ఆగింది. "చిన్న సవరింపులు చెయ్. కొత్తవి మొదలుపెట్టకు. నేను తిరిగొచ్చాక నీ శిక్షణ సంగతి తేలుద్దాం" అన్నారు. ఆ 'తేలుద్దాం' అన్నమాట నన్ను వదలడం లేదు.

ఎందుకంటే, నేను సొంతంగా చేసిన మొదటి కాలు ఇక్కడే, వార్డులోనే ఉంది. రైల్వే గేటు దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసిన ఆవిడకి చేశాను. అందరూ గేటమ్మ అంటారు. పుండు ముదిరి ఎడమకాలు మోకాలి కింద నుంచి తీసేశారు. మిగిలిన కాలికి ప్లాస్టరు గుడ్డ చుట్టి అచ్చు తీసి, ఆ అచ్చును ఆకురాయితో చెక్కి, దాని మీద వేడి ప్లాస్టిక్కు లాగితే గిన్నెలాంటిది వస్తుంది. కాలు కూర్చునేది ఆ గిన్నెలోనే. గిన్నె కుదిరితే అంతా కుదిరినట్టే. తొడిగాక "ఎలా ఉందమ్మా?" అని అడిగాను. "బంగారంలా ఉంది తల్లీ, నీ చేతులు చల్లగుండ" అంది. నేను మళ్లీ అడగలేదు. మన ఇంట్లో రెండోసారి అడిగే అలవాటు లేదు కదా. ఇచ్చినదానికి వంక పెట్టకూడదు, పుచ్చుకున్నవాళ్లను గుచ్చి అడగకూడదు. నువ్వు పెట్టిన కూర ఉప్పుకషాయమైనా కళ్లకద్దుకుని తిన్నదాన్ని. (ఎప్పుడూ కాదులే. ఒకసారి.)

సెలవులకి ఆవిడా ఇంటికి వెళ్లలేదు. "వెళ్తే నా కాళ్ల మీద నేను నడిచి వెళ్తా. బుట్టలో కూర్చోబెట్టి దించుతామంటే రాను" అని కొడుకుని తిప్పి పంపింది. కానీ ఆ కాలు తొడుక్కుని నడవడం మాత్రం నేనింకా చూడలేదు. చక్రాల కుర్చీలోనే తిరుగుతోంది.

రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నావా అని అడిగావు. దాని గురించి ఇంకోసారి రాస్తాను. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి.

నీ పిచ్చుక

*

డిసెంబరు 16

ఒసేయ్ పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. స్వెటరు అంత నచ్చిందా! పక్కింటి టైలరమ్మ అల్లేటప్పుడే వచ్చి, "ఇది చిన్నదవుతుందేమో వదినా, ఇంకో నాలుగు వరసలు పెంచు" అని గొణిగింది. నీ ఉత్తరం తీసుకెళ్లి దాని ముఖాన చదివి వినిపించా. నా మేనకోడలు వంక పెట్టలేదు, మధ్యలో నీకేంటమ్మా అన్నా. నోరు మూసుకుంది.

అందుకని సరిగ్గా అలాంటిదే ఇంకోటి మొదలుపెట్టా. ఒక్క కుట్టు కూడా మార్చను. ఒకటి ఉతికినప్పుడు ఇంకోటి వేసుకోవచ్చు. ఆ తర్వాత మీ పెద్దసారుకి ఒకటి. ఆయన లావా సన్నమా రాయి.

బడి మూసేశారు. నా వంటగదిలో గంగాళాలన్నీ బోర్లించి, పొయ్యి తుడిచి, తాళం వేసి వచ్చా. పిల్లలు లేని బడి చూస్తే పళ్లు లేని నోరులా ఉంది. నాకైతే ఏ లోటూ లేదు. హాయిగా కూర్చుని అల్లుకుంటున్నా. ఇంట్లో ఒక్కదానికే వండాలంటే చేయి తిరగడం లేదు, అంతే. నిన్న అలవాటులో కూర ఎంత చేశానంటే వీధి వీధంతా పంచినా మిగిలింది.

ఫోను చెయ్యొచ్చుగా అంటుంది టైలరమ్మ. గంగాళాల మోతలో సగం పోయిన చెవులు ఇవి. ఫోనులో నువ్వేం మాట్లాడినా నాకు తుమ్మినట్టు వినిపిస్తుంది. కాగితమైతే ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు. మన వంశంలో బడి గడప తొక్కినదానివి నువ్వొక్కదానివి, నీ పలక మీదే నేనూ దిద్దుకున్నా. ఒత్తులు తప్పితే తప్పు పంతులమ్మది, నాది కాదు.

నీ చేత్తో నువ్వు ఒక మనిషికి కాలు చేశావా తల్లీ! మీ నాన్న బతికుంటే ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు. ఆ గేటమ్మ బంగారంలా ఉందంది కదా, ఇంక నీకు దిగులెందుకు?

పాలు ఎంతసేపు పొంగుతాయే? దణ్ణం సంగతి రాయలేదు. దేవుడి ముందు నిలబడి ఉన్నదానికి థాంక్స్ చెప్పుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

మీ అత్త

*

డిసెంబరు 20

అత్తా,

పెద్దసారు సన్నం. కానీ ఇప్పుడే ఏమీ అల్లకు. మాట విను.

ఇక్కడ ఒక సంగతి జరిగింది. గేటమ్మ రోజూ పొద్దున్నే మంచం మీద కూర్చుని దేవుడితో మాట్లాడుతుంది. మెల్లగా కాదు, వార్డు మొత్తం వినపడేలా. గేటు వేశాక రైలు వెళ్లేదాకా ఆవిడకి వేరే పని ఉండేది కాదట. ఆ మోతలో ఎవరికీ వినపడదు కదా అని గొంతెత్తి దేవుడితో అన్నీ చెప్పుకునేదట. రైళ్లు పోయినా గొంతు తగ్గలేదు.

మొన్న తెర అవతల నేను పట్టీలు సర్దుతున్నాను. ఆవిడ మొదలుపెట్టింది.

"ఏమయ్యా, వింటున్నావా? కాలు తీసుకున్నావు, సరే. ఒక్కసారైనా ఎలా ఉన్నావని అడిగావా? పోనీలే. ఆ పిచ్చిపిల్ల చేతుల్లో మంచితనం పెట్టావు, బాగానే ఉంది. పనితనం ఎప్పుడు పెడతావు? అది చేసిన కాలు నన్ను కొరుక్కు తింటోంది!"

అత్తా, నా చేతిలోంచి పట్టీలన్నీ జారి పడ్డాయి. ఆ చప్పుడుకి ఆవిడ గప్‌చుప్. తెర తీసి చూస్తే దుప్పటి సర్దుకుంటూ "ఏం తల్లీ, టీ తాగావా?" అంటోంది. నేను చేసిన కాలు మంచం కింద, తువాలు చుట్టి, చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు ఉంది.

"ఎక్కడ నొక్కుతోందమ్మా?" అన్నాను.

"నొక్కడమా? నాకా? బంగారంలా ఉంది."

"మరి మంచం కింద ఎందుకుంది?"

"పాతబడకుండా దాచుకున్నా."

నర్సక్క కట్టు విప్పి చూపించింది. చర్మం ఎర్రగా కంది, రెండుచోట్ల తోలు లేచింది. అదృష్టం, పెద్ద పుండు కాలేదు. అయితే కాలు మొత్తం కంది ఉంటే, గిన్నె నిజంగా ఎక్కడ నొక్కుతోందో చూసి చెప్పలేం. ఆవిడ తొడుక్కుని, నిలబడి, ఇదిగో ఇక్కడ అని చెప్పాలి. ఆవిడేమో అన్నిచోట్లా బాగుంది అంటుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"దేవుడికి చెప్పారుగా, నాకెందుకు చెప్పరు?" అన్నాను.

"వాడు నావాడు. నువ్వు గవర్నమెంటు. గవర్నమెంటు ఇచ్చినదానికి వంక పెడితే మళ్లీ ఇస్తారా?" అంది.

నర్సక్క నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. చదువుకున్నానన్న మాటే కానీ చేసిన మొదటి పనే ఒక మనిషిని కొరికింది. ఆవిడేమో ఇంటికి వెళ్లకుండా ఇక్కడ కూర్చుంది. పెద్దసారు వచ్చి చూస్తే ఏమంటారో తెలుసు. ఆయన అనకముందే నేనే చెప్పి వచ్చేద్దామనుకుంటున్నాను. మీ బడి వంటగదిలో నాకో గరిటె దొరకదా?

నువ్వడిగినదానికి ఇప్పుడు జవాబు రాస్తాను. ఇక్కడికొచ్చినప్పటి నుంచి దణ్ణానికి నా చేతులు లేవడం లేదు. దేవుడి ముందు థాంక్స్ మాత్రమే చెప్పాలని నేర్పావు. నోట్లో థాంక్స్ లేనప్పుడు ఏం చెప్పాలి? అబద్ధం చెప్పలేక ముఖం చాటేసి తిరుగుతున్నాను. సాయంత్రాలు చాలా పొడుగ్గా ఉన్నాయి అత్తా.

నేను రానా, ఉండనా? నువ్వు ఏమంటే అది చేస్తాను.

పిచ్చుక

*

డిసెంబరు 24

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి ఏం రాయాలో తోచక పొద్దుటి నుంచి అల్లుతూ కూర్చున్నా. ఆ పుణ్యాన రెండోది పూర్తయింది. ఈ ఉత్తరం కన్నా ముందే పార్సిలు నీకు చేరొచ్చు.

నువ్వు చదువుకున్నదానివి. నేనేం చెప్పగలను? నీ ఇష్టం తల్లీ. వస్తే సంతోషం, రాకపోయినా సంతోషం. నా గురించి ఏమీ ఆలోచించకు. నాకు ఏ లోటూ లేదు.

దేవుడి సంగతి అంత లోతుగా నాకు తెలీదు. ఉన్నదానికి రెండు చేతులూ జోడించు. లేనిదాని గురించి ఆయన్ని విసిగించకూడదు.

ఆ గేటమ్మ మాత్రం మంచి మర్యాదస్తురాలిలా ఉంది. నీ మనసు నొప్పించకూడదని ఎంత ఓర్చుకుందో చూడు.

మీ అత్త

*

డిసెంబరు 27

అత్తకు,

ఉత్తరం అందింది. పార్సిలు అందింది. బాగుంది.

నా ఇష్టం అన్నావు. సరే. వచ్చినా రాకపోయినా నీకు ఒకటే అయినప్పుడు నేను తేల్చుకోవడం తేలికే. పెద్దసారు రాగానే తాళాలు ఇచ్చేసి బయల్దేరతాను.

పిచ్చుక

*

డిసెంబరు 29

అత్తా, అత్తా,

మొన్నటి ఉత్తరం చింపెయ్. పోస్టుడబ్బాలోంచి వెనక్కి లాగే వీలుంటే లాగేసేదాన్నే. అది రాసిన రోజు నేను నేను కాను. ఇప్పుడు రాసేది నింపాదిగా కూర్చుని చదువు. దగ్గర్లో టైలరమ్మ ఉంటే పంపించెయ్. కాదు, ఉండనీ. ఆవిడకి వినే హక్కుంది.

నిన్న పొద్దున బాగా చలి. వార్డులో హీటరు పనిచేయడం లేదు. నీ రెండో స్వెటరు వేసుకుందామని గేటమ్మ మంచం పక్కన నిలబడి తల దూర్చాను. చేతులు సగం వెళ్లాయి. తల చెవుల దాకా వెళ్లి ఆగింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. రెండు చేతులూ పైకి లేచి, ముఖం ఉన్నిలో మూసుకుపోయి, గుడ్డిగా అటూ ఇటూ తిరుగుతూ మందుల బల్లను గుద్దుకున్నాను.

"ఆగు ఆగు, సిగ్నలు పడింది! కదలకు!" అని గేటమ్మ అరుపు.

ఆవిడ మంచం మీద నుంచే నా నడుం పట్టుకుని లాగింది. నర్సక్క చేతులు పట్టుకుని లాగింది. బయటపడేసరికి నా జుట్టు చీపురులా నిలబడింది. ముగ్గురం ఊపిరాడకుండా నవ్వాం.

"ఎవరే నీకిది అల్లింది? నీమీద పగ ఏమైనా ఉందా?" అంది గేటమ్మ.

"మా అత్త. నన్ను పెంచింది. ఇది రెండోది. మొదటిది కూడా ఇలాగే..."

"మొదటిది పట్టలేదని రాయలేదా?"

"చాలా బాగుందని రాశాను."

"ఎందుకలా రాశావే, తిక్కదానా? పాపం ఆవిడ కళ్లు పోయేలా అల్లి పంపితే, నువ్వు పెట్టెలో దాచుకుంటావా? నిజం చెప్తే ఆవిడ నాలుగు వరసలు పెంచేది కదా! అడగందే అమ్మైనా పెట్టదు అంటారు. వంక చెప్పందే..."

అక్కడ ఆగిపోయింది. ఇద్దరం ఒకేసారి మంచం కిందకి చూశాం. తువాలు చుట్టిన కాలు అక్కడే ఉంది.

నర్సక్క మెల్లగా బయటికి వెళ్లిపోయింది.

"తియ్యి దాన్ని" అంది గేటమ్మ.

తీశాను. అత్తా, ఆ తర్వాత ఆవిడ నన్ను తిట్టిన తిట్లు! కాలు చేశావా, కత్తి చేశావా అంది. ముందు ఎముక దగ్గర సూదులు గుచ్చినట్టుంది అంది. మోకాలి పక్కనుండే ఎముక గుండు మీద ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టుంది అంది. పాదం బయటికి తిరిగి బాతులా నడవాల్సి వస్తోంది అంది. "ఒంటికాలి మీద లేస్తారని మాటవరసకి అంటారే, నేను నిజంగానే లేస్తా, చూస్కో" అంది. అంటూ అంటూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. "నువ్వెందుకే ఏడుస్తావ్, నొప్పి నాది!" అని మళ్లీ తిట్టింది.

నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. అప్పటిదాకా నేను గవర్నమెంటుని. ఇప్పుడు దేవుడి వరసలో చేరాను.

సరిగ్గా నొక్కే చోటు పట్టుకోవడానికి మాకొక పద్ధతి ఉంది. నొప్పి ఉన్నచోట చర్మం మీద లిప్‌స్టిక్కు పూసి కాలు తొడిగితే, గిన్నె లోపల ఎక్కడ రాసుకుంటుందో అక్కడ ఆ ఎరుపు అంటుకుంటుంది. తోలు లేచినచోట పలచటి పట్టీ అంటించి దానిమీద పూశాను. "నా పెళ్లినాడు కూడా పెదాలకి పూసుకోలేదు, ఈ వయసులో మోకాలికా!" అని ఆవిడ గోల. ఆ ఎర్ర మచ్చలున్న చోట ప్లాస్టిక్కును వేడి చేసి బయటికి నొక్కాను. ఇవి చిన్న సవరింపులే, నాకు అనుమతి ఉన్నవే. నేను రెండోసారి అడిగి ఉంటే మొదటిరోజే అయిపోయే పని. మానడానికి కొన్నాళ్లు పడుతుంది. అందాకా రోజుకి కాసేపు తొడిగి, విప్పి, చూసి, మళ్లీ తిట్లు తిని సవరించాలి.

నిన్నటి నుంచి నేను హాస్టల్లో తినడం లేదు. కూర వండి గిన్నెతో సహా వార్డుకి తెస్తున్నాను. గేటమ్మ, నర్సక్క, నేను మందుల బల్ల చుట్టూ కూర్చుంటాం. మొదటి ముద్దకే "ఇందులో ఉప్పేదీ?" అంటుంది గేటమ్మ. లేచి ఉప్పు తెస్తాను. మాకు ఇక్కడ ఇల్లులా ఉంది.

అత్తా, నీ స్వెటరు నాకు పట్టదు. రెండూ పట్టవు. ఇది రాయడానికి నాకు మూడు కాగితాలు పాడయ్యాయి. ఇంకొకటి కూడా ఉంది. 'వస్తే సంతోషం, రాకపోయినా సంతోషం' అన్నది చదివి నాకు చాలా కష్టం కలిగింది. నన్ను రావద్దనైనా అను, రమ్మనైనా అను. ఏదో ఒకటి గట్టిగా అను.

నీ పిచ్చుక

*

డిసెంబరు 30

పిచ్చుకా,

27న రాసింది ఇప్పుడే అందింది. రెండే రెండు మాటలు రాశావు. పార్సిలు గురించి 'బాగుంది' అని ఒక్క ముక్క! రంగు ఊసు లేదు, ఆకుల ఊసు లేదు. నీకు జ్వరమేనని నాకు అర్థమైంది. దాచకు. చలి బాగా పట్టినట్టుంది. అందుకే మూడోది కూడా నీకే మొదలుపెట్టా. మీ సారుకి తర్వాత. ఈసారి ఇంకా బిగువుగా అల్లుతున్నా, సూది మొనంత గాలి కూడా దూరదు.

నువ్వొస్తున్నావని నీ గది తుడిచి, పక్క ఎండలో వేశా. అంతా సంతోషమే.

మీ అత్త

*

జనవరి 2

నా పిచ్చుకకి,

29న రాసింది నిన్న వచ్చింది. ఒకటికి నాలుగుసార్లు చదివా. మొదటిసారి 'నన్ను తిట్టింది' అన్నచోట ఆగిపోయి, ఎవర్తె అది నా పిల్లని తిట్టడానికి, పెట్టె సర్దండి నేను బయల్దేరతా అని కేకలేశా. టైలరమ్మ కాగితం లాక్కుని మిగతాది చదివింది. చదివి చదివి నేల మీద కూర్చుని నవ్వింది. నాలుగు వరసలు పెంచమన్నానా లేదా అని నా చుట్టూ తిరిగి అడిగింది. దానికి కాలం కలిసొచ్చింది. అననీ.

ఎందుకు చిన్నదైందో చెప్పనా? నీ తొమ్మిదో తరగతి యూనిఫారం పెట్టెలో ఉంది. కొలతకి దాన్నే పెట్టుకున్నా. నువ్వు అక్కడికెళ్లి పెరుగుతున్నావని చేతులకి తెలీలేదు. మూడోది విప్పేశా. నీ కొలతలు రాసి పంపు. ఛాతీ, భుజం, చేయి పొడవు. గేటమ్మని కొలవమను, నీమీద నాకు నమ్మకం లేదు.

ఇంక విను. గట్టిగా అనమన్నావు కదా.

ఏ లోటూ లేదని ప్రతి ఉత్తరంలో రాశా. ఉంది. బడి మూశాక ఇంట్లో గడియారం కొట్టుకోవడం వినిపిస్తోంది. నాకు, ఈ చెవులకి! ఎంత నిశ్శబ్దంగా ఉందో నువ్వే లెక్కేసుకో. అల్లుతూ కూర్చున్నది నీకు చలేస్తుందని కాదు. చేతులు ఆపితే ఏడుపొస్తోందని.

వస్తే సంతోషం, రాకపోయినా సంతోషం అని రాశా. అది ఉత్త అబద్ధం. నువ్వు రాకపోతే ఏడుస్తా. పని వదిలేసి వస్తే ఇంకా ఎక్కువ ఏడుస్తా. ఎటూ ఏడుపు తప్పనప్పుడు తక్కువ ఏడ్చేది చూసుకుందాం. అక్కడే ఉండు. ఆ కాలు పూర్తిచెయ్. గరిటె అడిగావా? గరిటె ఇవ్వను. తీసుకుంటే దాంతోనే నాలుగు తగిలిస్తా.

మీ అమ్మా నాన్నా పోయాక నిన్ను చంకన వేసుకుని ఒకరి పంచన బతికాం. నీకు గుర్తుండదు. పెట్టినదానికి వంక పెడితే గెంటేస్తారని భయం. ఆ భయాన్నే తెచ్చి నీకు బుద్ధి అని నేర్పా. దేవుడి దగ్గర కూడా ఇన్నాళ్లూ అద్దెకున్నదానిలాగే ఉన్నా, గోడకి మేకు కొట్టాలన్నా భయపడుతూ. ఈవేళ పొద్దున గొంతెత్తి కొంచెం గట్టిగానే మాట్లాడా. నా అన్నని అంత చిన్నప్పుడు ఎందుకు తీసుకెళ్లావని అడిగా. ఇన్నేళ్లకి అడిగా. ఆయన ఏమీ అనలేదు. గెంటెయ్యలేదు కూడా. ఆ తర్వాత టీ పెట్టుకుని తాగితే ఎంత బాగుందో తెలుసా.

నిన్న సాయంత్రం టైలరమ్మ తన గిన్నె తెచ్చుకుని మా ఇంట్లోనే తింది. మా ఇద్దరికీ మొగుళ్లు లేరు, పిల్లలు దగ్గర లేరు. ఇన్నాళ్లూ గోడకి అటొకరం ఇటొకరం కూర్చుని ఒక్కళ్లమే తిన్నాం. నా కూరలో కారం ఎక్కువంది. ఎక్కువే మరి.

ఇంకొకటి. నువ్వు అక్షరాలు మరీ చిన్నగా రాస్తున్నావు. నా కళ్లు లాగుతున్నాయి. పెద్దగా రాయి.

అత్త

*

జనవరి 8

అత్తా,

పెద్దగానే రాస్తున్నాను, చూడు. కాగితానికి పది వరసలు కూడా పట్టడం లేదు.

కొలతలు వేరే చీటీలో పెట్టాను. గేటమ్మే కొలిచింది. భుజం దగ్గర రెండు వేళ్లు వదులు పెట్టమంది, "పిల్ల ఇంకా పెరుగుతుంది" అని.

నీ ఉత్తరం వచ్చిన రోజే పెద్దసారు తిరిగొచ్చారు. నేను తాళాలు ఇచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పాను. నేను చేసిన కాలు కొరికిందని, నేను సరిగ్గా అడగలేదని, తర్వాత ఎక్కడెక్కడ సవరించానో అన్నీ. ఆయన గిన్నె చేతిలోకి తీసుకుని లోపలంతా వేళ్లతో తడిమారు. గేటమ్మని నడిపించి చూశారు.

"ఎలా ఉందమ్మా?" అని అడిగారు.

నేను ఆవిడ ముఖం వైపే చూశాను. బంగారంలా ఉందంటుందేమోనని.

"ముందు ఎముక దగ్గర బాగుపడింది. పక్క గుండు కూడా పర్లేదు. పాదం ఇంకా కొంచెం బయటికే ఉంది, మీ పిల్లకి ఆ సంగతి రేపు చెప్దామనుకుంటున్నా, ఇవాళ చాలా తిట్టా" అంది.

పెద్దసారు నా వైపు తిరిగారు. "పేషెంట్లు మాకెవ్వరికీ ఇంత చెప్పరు" అన్నారు. "పాదం తిప్పు. సోమవారం ఇంకొకరు వస్తున్నారు, అచ్చు నువ్వే తియ్యి." అంతే. శిక్షణ సంగతి తేలినట్టేనని నర్సక్క చెప్తే తప్ప నాకు అర్థం కాలేదు.

ఈవేళ గేటమ్మ ఇంటికి వెళ్లింది. కొడుకు బండి తెచ్చాడు. వార్డు నుంచి గేటు దాకా పొడుగాటి వరండా, చివర రెండు మెట్లు. ఆవిడ చేతికర్ర ఒక చేత్తో పట్టుకుని నడిచింది. కొడుకు పట్టుకోబోతే "దూరంగా నడు, రైలొస్తోంది" అంది. మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగింది. నేను వెనకాలే నిలబడ్డాను. దిగింది.

ఏదో అంటుందని చూశాను. దీవిస్తుందని, కౌగిలించుకుంటుందని. నా కళ్లు ముందే సిద్ధంగా ఉన్నాయి. ఆవిడ తిన్నగా వెళ్లి బండెక్కి కూర్చుంది. బండి కదిలింది. నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది.

మలుపు దగ్గర కిటికీలోంచి తల బయటికి పెట్టి, రైళ్లన్నీ ఒకేసారి వెళ్తున్నా వినపడే ఆ గొంతుతో అరిచింది.

"ఒసేయ్! మడమ దగ్గర కిర్రుమంటోందే! వచ్చే నెల వస్తా, చూసి పెట్టు!"

అత్తా, వీధిలో జనం అందరూ తిరిగి చూశారు. నేను ఆ గేటు దగ్గరే, అందరి మధ్యా నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచాయో తెలీదు, చూసుకుంటే నా రెండు చేతులూ జోడించి ఉన్నాయి.

నీ పిచ్చుక